బూడిద చెరువు, తొలి బొంత

ఊనా ఒడిలో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది, ఖాళీ పళ్ళెం, నీలం చారల పింగాణీది, అంచున ఒకచోట పెచ్చూడింది, నార్డూ సరస్సు చేపల క్లబ్బులో దానికన్నా పాతది ఏదైనా ఉందంటే అది ఊనాయే, దాని మీద రెండు చేతులూ బోర్లించి మడతకుర్చీలో నిటారుగా కూర్చుని వేణ్ణీళ్ళ కాలువ మూతికేసి చూస్తోంది, ఏం చూస్తోందో, ఆ ముసలి బుర్రలో ఏం తిరుగుతోందో ఎవరికి తెలుసు తల్లీ, పక్కనే కూర్చున్న కోడలు రేలిన్‌కే తెలియదు. తెలిస్తే రాత్రి కాస్తయినా కునుకు పట్టేది. "చేప రానీ పిల్లా, చూద్దాం," అంది నిన్న అడిగితే. అంతే. తింటావా తినవా అంటే చేప రానీ. టీగన్‌కి పెడతావా పెట్టవా అంటే చేప రానీ. ఇదిగో వచ్చేస్తోంది చేప, భూగోళానికి ఈ దిగువన జూన్ అంటే చలికాలమే, చలి వేళ్ళ కొసల్ని కొరికేస్తోంది గానీ కాలువ మూతి దగ్గర మాత్రం నీళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది, ఆవిరిలో పడవలు మసగ్గా కదులుతున్నాయి, ఏ క్షణాన ఏ పడవలోంచి కేక వినపడుతుందో, గుడ్లతో నిండిన తొలి బొంత చేప దొరికిందని. వినపడ్డాక ఇక ఆపేదేం లేదు. రాజుగారి పుట్టినరోజు సెలవునాడు ఈ రేవులో ఎప్పుడూ జరిగేదే జరుగుతుంది, చేప పెనం మీదికొస్తుంది, పెనం మీంచి ఆ పళ్ళెంలోకొస్తుంది, క్లబ్బులోకెల్లా పెద్ద ఆడది గనక ఊనా తొలి ముద్ద తింటుంది, తిన్నాక చేప కడుపులోని జెన, ఆ పసుప్పచ్చటి గుడ్లతిత్తి, ఆ ఏడు ఎవరు కడుపుతో ఉంటే వాళ్ళ నోటికి తన చేత్తో అందిస్తుంది, అప్పుడుగానీ మిగతా జనం ప్లేట్లు పట్టుకోరు. ఈ ఏడు కడుపుతో ఉన్నది టీగన్. రేలిన్ కన్నకూతురు. ఏడో నెల.

అదిగో అక్కడ క్లబ్బు షెడ్డు గోడకి ఆనుకుని నిలబడి టీ తాగుతోంది, పొట్ట మీద కప్పు పెట్టుకుని, బల్ల అనుకుంటోంది కాబోలు పొట్టని, వెధవ పిల్ల, చలికి కోటు బొత్తాలైనా పెట్టుకోలేదు, పెట్టుకుందామన్నా పట్టవులే. మొన్న వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది రేలిన్, ఒద్దే, ఆ రోజు తలనొప్పని చెప్పి ఇంట్లో పడుకో, అని. "అమ్మా, నానమ్మ ఇస్తే తింటాను. నానమ్మ చెయ్యి తోసేసే దమ్ము నాకు లేదు, నీకుంటే నువ్వు తోసెయ్," అంది. రేలిన్‌కీ లేదు. ఉంటే ఇలా చేతులు తొడల కింద పెట్టుకుని ఎందుకు కూర్చుంటుంది. రేవు మెట్ల పక్కన ప్రభుత్వం వాళ్ళ బోర్డు పోయిన ఎండాకాలం నుంచీ నిలబడే ఉంది, పవర్ స్టేషన్ బూడిద చెరువులోంచి నీళ్ళు సరస్సులోకి ఊరుతున్నాయి, సెలీనియం, ఆర్సెనిక్, పాదరసం, ఇక్కడి చేపలూ పీతలూ తగ్గించి తినండి, కడుపుతో ఉన్నవాళ్ళూ పసిపిల్లలూ అసలు తినకపోతే మేలు, అని నీలం అక్షరాల్లో. దాని మీద ఎవరో తడి తువ్వాలు ఆరేశారు, ఇవాళే కాదు, రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఆరేస్తూనే ఉన్నారు, సరస్సుని ఎవరో బయటివాళ్ళు తిట్టిపోతే ఇంటివాళ్ళు కిటికీ మూసుకున్నట్టు. ఒక్క ముద్దతో ఎవరూ చావరు, నిజమే. రేలిన్‌కి తెలుసు, పదిసార్లు తనకు తనే చెప్పుకుంది. కానీ ఊనా నోట్లో పడ్డ ఒక్క ముద్ద చూసి ఈ ఒడ్డునున్న ప్రతి ఇల్లూ ఏడాది పొడుగునా మూడు పూటలా వండుకుంటుంది, ఊనా తింది కదా, ఇంకేం, అని. టీగన్ మరీనూ.

కెమెరా కూడా వచ్చింది. పవర్ స్టేషన్ తరఫు మనిషి కర్టిస్ తీసుకొచ్చాడు, టీవీ పిల్ల ఒకతి చలికి గెంతుతూ కెమెరా కాలు ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటోంది. కర్టిస్ చెడ్డవాడేం కాదు, చెడ్డవాడైతే ఎంత బాగుండేది, కడుపారా తిట్టుకునేది. పోయిన వారం పళ్ళబుట్ట పట్టుకుని ఇంటికొచ్చి కాళ్ళు దగ్గర పెట్టుకుని బుద్ధిగా కూర్చుని, "ఊనా గారూ, మీరు ప్రతి ఏడూ చేసేదే చెయ్యండి. మేమేం కొత్తగా అడగట్లేదు. జనం భయపడి చస్తున్నారు, మీరు తినడం చూస్తే వాళ్ళ గుండె కుదుటపడుతుంది," అన్నాడు. ఊనా టీ పోసింది. బిస్కెట్లు పెట్టింది. "నేను పుట్టిన కాణ్ణించీ తింటూనే ఉన్నాను అబ్బాయ్, అప్పుడు నీ దగ్గర కెమెరా లేకపోయింది, అంతే," అంది. అతను నవ్వాడు, నవ్వి, లేస్తూ లేస్తూ, గ్లెన్ చాలా మంచి పనిమంతుడని అన్నాడు, గుమ్మం దగ్గర మళ్ళీ అన్నాడు, గ్లెన్ లాంటివాళ్ళు స్టేషన్‌కి దొరకరని. ఒకసారి అంటే మెచ్చుకోలు. రెండోసారి ఎందుకంటాడు? రేలిన్ మొగుడు గ్లెన్, ఊనా కొడుకు, అదే స్టేషన్‌లో షిఫ్టు పెద్ద, బాయిలర్ ఒక యూనిట్ ఇప్పటికే మూసేశారు, రెండోది ఎప్పుడు మూస్తారో అని ఇంటింటా గుసగుసలు, ఇలాంటప్పుడు ముసలమ్మ కెమెరా ముందు పళ్ళెం తోసేసిందంటే ఆ తోపు ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదా. ఆ సంగతి ఊనాకి తెలీదనుకోవడానికి లేదు, ఆవిడకి అన్నీ తెలుసు, చెప్పదు, అదే చంపుకు తినడం.

ఆవిరి చూస్తే రేలిన్‌కి ఎప్పుడూ ఒళ్ళు వెచ్చబడుతుంది, ఏం చేస్తుంది, ఈ ఒడ్డుకి కాపరానికొచ్చిన మొదటి చలికాలం గ్లెన్ చెయ్యి పట్టుకుని ఆ కాలువలోకే దింపాడు, బయట గడ్డి మీద మంచు, లోపల నడుం దాకా వెచ్చటి నీళ్ళు, స్టేషన్ యంత్రాల్ని చల్లబరిచాక వదిలిన నీళ్ళు, పిల్లలు ఈదుతున్నారు, ముసలాళ్ళు మోకాళ్ళు నానబెట్టుకుంటున్నారు, చేపలు కూడా అంతే, సరస్సు అంతా వణుకుతుంటే అవి అక్కడికి చేరి బలిసేవి. అది దేవుడిచ్చిన వరం అనుకున్నారు అందరూ, రేలిన్ కూడా. అత్తగారంటే మాత్రం హడలు అప్పుడు. బయటి ఊరి పిల్ల కదా తను, తెల్లటి దుప్పట్లు ఉతికి ఎండలో ఆరేసి మురిసిపోతుంటే లోపల్నుంచి ఊనా కేక, "తీసెయ్ పిల్లా, తీసెయ్, గాలి తిరిగింది!" తీసేలోపు పడనే పడ్డాయి, మినప్పొట్టు చల్లినట్టు నల్లటి నలుసులు దుప్పటి నిండా. ఊనా తిట్టలేదు. పొగగొట్టం కేసి చూపించి, పొగ కొస ఎటు వంగితే ఏ ఇంటి దండెం మీద పడుతుందో చెప్పింది, పొగ నిలువుగా ఉంటే ఉతుక్కో, కొంగ మెడలా వంగితే మానుకో, అని. అంత తేలిగ్గా. పొగగొట్టాన్ని ఆవిడ ఎన్నడూ తిట్టలేదు, ఎందుకు తిడుతుంది, ఆ పొగే కదా ఇంట్లో దీపం పెట్టింది, కొడుకుని చదివించింది, రేవు కట్టించింది, ఈ షెడ్డు, ఈ బల్లలు, పిల్లల ఉయ్యాలలు అన్నీ స్టేషన్ చలవే. ఉప్పు తిన్న ఇంటిని తిట్టకూడదు. మామగారు ఆల్ఫ్ బూడిద చెరువు కట్ట వేసినవాళ్ళలో ఒకడు, బొగ్గు కాలగా మిగిలిన బూడిదని నీళ్ళలో కలిపి గొట్టాల్లో తోసి కొండల మధ్య నింపుతారే, ఆ కట్ట, బతికున్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం కారులో పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుని వెళ్ళి దాన్ని చూసొచ్చేవాడు, వేరే మగాళ్ళు సినిమాకి తీసుకెళ్తే ఈయన బూడిదకి తీసుకెళ్తాడు అని ఊనా వెక్కిరించేది, వెక్కిరిస్తూనే సాండ్‌విచ్‌లు కట్టుకుని వెళ్ళేది. పున్నమి నాడు చూడాలిట, పాలు పోసినట్టు ఉంటుందిట.

ఆ కట్ట వానలకి ఒకసారి జారబోతే ఆల్ఫ్, అతనితో పాటు మొత్తం గ్యాంగూ ఇంటికి రాకుండా ఇసకబస్తాలు వేస్తూ ఉండిపోయారట, ఊనా గ్లెన్‌ని కడుపులో మోస్తూ పడవ వేసుకుని పీతల బుట్టలు తనే లాగి, పెద్ద డేగిసాలో పీతల పులుసు కాచి కట్ట మీదికి మోసుకెళ్ళిందట. ఆ సంగతి ఊనా చెప్పలేదు. వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. క్లబ్బు ప్రెసిడెంటు నెవిల్ అప్పుడు కుర్రాడు, ఇప్పటికీ నాలుగు బీర్లు పడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, ఆ పులుసు తాగకపోతే మేం ఆ కట్ట మీదే పోయేవాళ్ళం అని. అలాంటి మనిషి. ఎనభై దాటినా పీత పెంకుని బొటనవేలితో విరిచే మనిషి. నిజం చెప్పాలంటే రేలిన్ తన సొంత తల్లిని ప్రేమించింది, అత్తగారిని మాత్రం చూసి ఆశ్చర్యపోతూ ఇన్నేళ్ళు బతికింది, ఆశ్చర్యం ఇంకా తీరలేదు. అయితే ఆ మనిషే ఊరందరి తోటల్లోకీ బూడిద తెచ్చింది కూడా. స్టేషన్‌వాళ్ళు ఊరికే ఇస్తామన్నారు, ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారు జనం, ట్రెయిలర్లు వరసకట్టాయి, మొదటి ట్రెయిలర్ ఊనాది. బంకమట్టి నేల, బూడిద కలిపితే గుల్లబారుతుంది, టమాటాలు ఎలా కాశాయనీ, పిడికిలంతేసి, కోస్తే రసం మోచేతుల దాకా కారేది, పాలకూర ఎంత నిగనిగలాడేదనీ, బుట్టలకెత్తి ఇంటింటికీ పంచేది. టీగన్‌కి తొలిముద్ద అన్నంలా మెత్తగా నలిపి పెట్టింది ఆ పాలకూరే. బూడిదే కదా. నిప్పులో కాలింది శుభ్రంగా ఉండదూ? అలా అనుకున్నారు అందరూ, నిప్పు అన్నిటినీ కాల్చేస్తుందని. కాలనివే అడుగున చిక్కబడతాయని ఎవరికి తోస్తుంది?

ఇంగ్రిడ్‌కి తోచింది. చదువుకున్న పిల్ల, నగరం నుంచి సీసాలు పట్టుకుని వచ్చేది, బురద తీసుకునేది, పీతల్ని కొనుక్కునేది, మొదటిసారి వచ్చినప్పుడు ఊనా గొట్టంతో నీళ్ళు కొట్టింది దాని మీద, "నా సరస్సుకి జబ్బుందని చెప్పడానికి నువ్వెవత్తివే!" అని, తడిసి ముద్దయి నిలబడింది గానీ ఆ పిల్ల పోలేదు, "జబ్బు లేదని తేలితే మొదట మీకే చెప్తానండీ," అంది వణుకుతూ. ఆ మాట నచ్చింది కాబోలు ముసలమ్మకి. తువ్వాలిచ్చింది. తర్వాత పీతలిచ్చింది. తర్వాత తోటలోంచి ఒక చెంచా మట్టి కూడా ఇచ్చింది, ఎందుకిచ్చిందో, అడక్కుండానే. ఇంగ్రిడ్ సెలీనియం గురించి చెప్పింది, అదసలు విషం కాదట, చిటికెడు ఒంటికి కావాలట, ఉప్పులాగే, చిటికెడు వేస్తే కూర, గుప్పెడు వేస్తే కుడితి, బొగ్గులో అది ఉండీ లేనట్టు ఉంటుందట, కొండంత బొగ్గు కాల్చి పిడికెడు చోట పోస్తే మాత్రం ఉన్నట్టే ఉంటుంది, వానకి కొంచెం కొంచెం ఊరి, బురదలో దిగి, బురద తినే పురుగులోకి, పురుగుని తినే చేపలోకి, ఒకదాన్నుంచి ఒకదానికి చేతులు మారుతూ పెరుగుతుందిట. ఆ రోజు రేవు బల్ల మీద భూతద్దం పెట్టి గాజుపళ్ళెంలో చేపపిల్లల్ని చూపించింది. వెంట్రుకంతేసి ఉన్నాయి. కొన్నిటికి వెన్ను వంకరపోయింది, కొడవలిలాగా, అవి ముందుకి ఈదబోయి అక్కడికక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి, కొన్నిటికి కళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి. రేలిన్ తల తిప్పేసుకుంది. ఊనా తిప్పుకోలేదు. వీటి తల్లి ఎలా ఉంది, అంది, ఎంత నెమ్మదిగా అడిగిందో. "తల్లికేం కాదండీ. బాగా బలంగా ఉంటుంది, పొలుసు నిగనిగలాడుతుంది. తను తిన్నది గుడ్లలోకి దించేస్తుంది." భూతద్దం మీంచి ఊనా మొహం ఎత్తలేదు. అలాగే వంగి, "దానికి తెలీదన్నమాట," అంది. "తెలీదండీ." అంతే. మర్నాడు పార తీసుకుని తోట తవ్వడం మొదలుపెట్టింది. గ్లెన్ సాయానికి వెళ్తే పారతో బెదిరించింది. బూడిద కలిసిన నల్లటి మట్టంతా గోనెల్లోకి ఎత్తి, లారీవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా దాని మీద టార్పాలిన్ కప్పి, రాళ్ళు పెట్టి, చేతులు కడుక్కుని లోపలికొచ్చి టీ పెట్టుకుంది. ఏమైందని అడిగినవాళ్ళకి, నడుం నొప్పి, తోట మానేశా, అని చెప్పింది. ఇప్పుడు ఇంటి వెనక బోడి గుంట ఉంది, వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. అది చూసి రేలిన్ ఆశపడింది, సరే, ముసల్ది తేల్చుకుంది, ఇక తినదు అని. ఆ శుక్రవారమే ఊనా బజారు అరుగు మీద కూర్చుని అందరూ చూస్తుండగా బొంత వేపుడు తింది. ఏం చెయ్యాలి చెప్పండి ఇలాంటి మనిషితో.

తినకుండా ఎలా ఉంటుంది, సరస్సే కదా ఆవిడ. రేలిన్ తినలేదూ? టీగన్ కడుపులో ఉన్నప్పుడు ఇదే రేవులో, ఇదే పళ్ళెంలోంచి ఊనా తన వేళ్ళతో జెన విరిచి పెట్టింది, వెన్నలో వేగింది, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, నాలుక మీద గింజలు గింజలుగా విడిపోయింది, జనం చప్పట్లు కొట్టారు, నువ్వు మాదానివైపోయావు పిల్లా అంది ఊనా, ఆ రోజు రేలిన్ ఎంత ఏడ్చింది సంతోషంతో. టీగన్ బంగారంలా పుట్టింది, ఏమీ కాలేదు, చక్కగా ఉంది, చూడండి షెడ్డు దగ్గర ఎలా పకపకా నవ్వుతోందో. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఈసారీ కాదు అని ఎవరైనా చేతిలో చెయ్యేసి చెప్పగలరా? అప్పటికీ ఇప్పటికీ చెరువులో బూడిద ఎంత పెరిగింది. తను లేచి వెళ్ళి టీగన్ చెయ్యి పట్టుకుని కారెక్కించెయ్యొచ్చు, ఇప్పుడే, పడవ ఇంకా రాలేదు. లేచినట్టే ఊహించుకుంది, అంతే. పక్కన ముసలి చేతులు పళ్ళెం మీద అలాగే ఉన్నాయి, వేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా ఉన్నాయి, ఈ చేతులే తన మొదటి పురుడు పోశాయి, జ్వరమొస్తే నుదురు తుడిచాయి, ఆ చేతులు ఇచ్చేదాన్ని కాదని ఎలా లాక్కోవడం. ఊనా, ఒక్క మాట చెప్పు, ఊఁ అను, ఉహూఁ అను. అడగలేదు.

"జెన చేప! జెన చేపరోయ్!" ఆవిరిలోంచి నెవిల్ గొంతు, పడవ కనపడకముందే అరుపొచ్చింది, రేవంతా ఒక్కసారి కదిలింది, గూడకొంగలు దీపస్తంభాల మీంచి దిగి బల్ల చుట్టూ మూగాయి, వాటికి కబురు ఎవరు పంపుతారో. నెవిల్ రెండు చేతుల మీదా పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు, అబ్బ ఏం చేప అది, మోచెయ్యంత పొడుగు, వెండి పొలుసు మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి, కడుపు ఇటూ అటూ ఉబ్బి ఉంది, ఒక్క మచ్చ లేదు, ఒక్క గాయం లేదు, రేలిన్‌కి భయంలో కూడా ముచ్చటేసింది, ఇంత అందమైన దాని లోపల చెడుందంటే ఎవరు నమ్ముతారు, తను మాత్రం నమ్ముతోందా? ఊనా లేచింది. పళ్ళెం కుర్చీలో పెట్టి, కత్తి తీసుకుని తనే కోసింది, ఎప్పుడూ అంతే, ఇంకెవరినీ ముట్టనివ్వదు, కత్తి కొస పొట్ట వెంట సన్నగా వెళ్ళింది, జెన రెండు పాయలూ చిట్లకుండా జారి బల్ల మీదికొచ్చాయి, బొటనవేలంత లావుగా, మెరుస్తూ. చప్పట్లు. కర్టిస్ కూడా కొట్టాడు. వెన్న చిటపటలాడింది, గ్యాస్ పొయ్యి బుస్సుమంటోంది, ఆ వాసన, దేవుడా, కడుపులోంచి ఆకలి తన్నుకొస్తుంది ఆ వాసనకి, ఎంత సిగ్గో. పెనం చుట్టూ ప్లేట్లు పట్టుకుని జనం అర్ధచంద్రంలా నిలబడ్డారు, గ్లెన్ స్టేషన్ కోటు వేసుకుని తర్వాత వేయించాల్సిన చేపల బుట్ట పట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళాం కేసి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. టీగన్ వచ్చి కుర్చీ ముందు గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుంది, కడుపుతో ఉన్నవాళ్ళు అలాగే కూర్చోవాలి, పొట్ట పట్టుకుని మెల్లగా దిగి, నవ్వుతూ పైకి చూసింది.

ఊనా కుర్చీలో కూర్చుని, వేగిన చేప ఉన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. చేప ముక్క ఒకటి విరిచి, నిమ్మకాయ పిండి, నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. జనం హమ్మయ్య అనుకున్నారు, ఆ గాలి వినపడింది రేలిన్‌కి, కర్టిస్ భుజాలు దిగాయి, టీవీ పిల్ల బొటనవేలు పైకెత్తింది. అయిపోయింది, రేలిన్ అనుకుంది, తినేసింది, ఇచ్చేస్తుంది, నేను ఏ తల్లిని, కూర్చుని చూస్తున్నానే, లే, లే. ఊనా జెన పాయ వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది. టీగన్ పిట్టపిల్లలా నోరు తెరిచింది. రేలిన్ లేచింది, నిజంగానే లేచింది, "ఊనా!" అంది, ఊనా కోడలికేసి ఒకసారి చూసింది, విసుగ్గా, కూర్చో పిల్లా తొందరేంటి అన్నట్టు, చూసి ఆ జెనని తన నోట్లో పెట్టుకుంది.

నమిలింది. రెండో పాయ తీసుకుంది. అదీ నోట్లో పెట్టుకుంది. రేవులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, టీగన్ నోరు ఇంకా తెరిచే ఉంది. "ఊనా," అన్నాడు నెవిల్ మెల్లగా, పెద్దావిడ మతి తప్పిందేమో అన్న భయంతో, "ఊనా, అది పిల్లదాని వాటా కదా." ఆవిడ వినిపించుకోలేదు, వీపు ముక్క తింది, తోక దగ్గరి ముక్క తింది, తలలోని చెంపలు పీక్కుని తింది, తీరిగ్గా, ముళ్ళు ఒక్కొక్కటీ పెదాల మీంచి తీసి అంచున పెడుతూ, అంత పెద్ద చేప, ఆ వయసులో, ఎక్కడ పడుతోందో, మధ్యలో ఒకసారి ఎక్కిళ్ళొస్తే గుండె మీద గుద్దుకుని మళ్ళీ తింది, కర్టిస్ గ్లెన్ పక్కకి చేరి, "మీ అమ్మకి ఏదో ఒకటి చెప్పు గ్లెన్," అన్నాడు, "నువ్వే చెప్పు, నాకు భయం," అన్నాడు గ్లెన్, అని బుట్ట కింద పెట్టేశాడు. పళ్ళెంలో వెన్న మిగిలితే రొట్టెముక్కతో తుడిచి అది కూడా తినేసింది. అప్పుడు పళ్ళెం గడ్డి మీద బోర్లించింది.

"బావుంది," అంది ఊనా కెమెరాకేసి చూస్తూ. "ఎప్పుడూ బావుంటుంది మన సరస్సు చేప. రుచిలో తేడా తెలిసుంటే ఎప్పుడో మానేసేవాళ్ళం కదా." వేళ్ళు నాకింది, నోరు తుడుచుకుంది. "నాలో చేరాల్సింది ఎప్పుడో చేరిపోయిందర్రా. ఈ కట్ట కట్టినవాడి పెళ్ళాన్ని, నేను తింటాను, నేను ఈ నీళ్ళ మీదే పోతాను, నాకేం బెంగలేదు. కానీ అది నా దగ్గరే ఆగాలి. నా తర్వాత ఈ పళ్ళెం ఇంకెవరికీ లేదు. కర్టిస్ అబ్బాయ్, తీసుకున్నావా నీ బొమ్మ? దాంతోపాటు ఈ మాట కూడా చూపించు, సగం కోసెయ్యకు." కర్టిస్ ఏదో అనబోయాడు, నెవిల్ చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేస్తే ఆ చప్పుడుకి ఆగిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఎవడో, మరి మేమేం తినాలి, అని గొణిగాడు. రేలిన్‌కి కళ్ళు కనపడ్డం లేదు, కారిపోతున్నాయి, ఎంత మొండి ముసలిది, ఎంత మంచి ముసలిది, ఈ మాట నిన్న నాతో అంటే నీ సొమ్మేం పోయేది, పీడకలలు లేకుండా పడుకునేదాన్ని కదా, అని కాళ్ళ మీద పడి కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడి ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఊనా వంగి, వెన్న రాసిన, చేప తగలని రొట్టెముక్క ఒకటి మనవరాలి తెరిచిన నోట్లో పెట్టింది.

"నోరు మూసుకో బుజ్జీ, ఈగలు దూరతాయి. రేలిన్, ఇంకా నిలబడి చూస్తావేం, గ్యాస్ కట్టెయ్."

రేలిన్ వెళ్ళి గ్యాస్ కట్టేసింది.